పొదుగువాపును పట్టే సి.ఎం.టి. కిట్: నాలుగు గిన్నెల ప్లేటు, ఒక సీసా ద్రావణం. రెండు మూడు పశువులున్న ఇంటికి పనికొస్తుందా?

పొదుగు వాచలేదు. చేత్తో నొక్కితే ఆవు కాలు విసరడం లేదు. పాలు చూడ్డానికి తెల్లగానే ఉన్నాయి. అయినా పూటకు అర లీటరో లీటరో తగ్గుతోంది, పాలకేంద్రంలో ఎస్.ఎన్.ఎఫ్. (వెన్న కాక పాలలో ఉండే మిగతా ఘనపదార్థాల శాతం) 8 కిందికి జారింది. మేత మారలేదు, దాణా మారలేదు. అందరికీ ముందు వచ్చే అనుమానం నీళ్ళు కలిపారని. పొదుగువాపు పైకి కనిపించకుండా లోపల నడుస్తున్నా కొలత ఇలాగే పడిపోతుంది. పాలలో లాక్టోజు అనే చక్కెర తగ్గి, ఆ చోట ఉప్పు పెరుగుతుంది. లాక్టోమీటరుకూ కేంద్రంలోని అనలైజరుకూ మొత్తం క్యానులో తేడా వచ్చిందని మాత్రమే తెలుస్తుంది. ఏ ఆవు, ఏ చన్ను అన్నది అవి చెప్పలేవు. ఆ మాట చెప్పే సాధనాల్లో అన్నిటికంటే చవకైనది కాలిఫోర్నియా మాస్టైటిస్ (పొదుగువాపు) టెస్ట్ కిట్. పశువుల మందుల షాపులో సి.ఎం.టి. కిట్ అని అడిగితే ఇస్తారు. రెండు ఆవులు ఉన్నవాళ్ళైనా, ఇరవై ఉన్నవాళ్ళైనా ముందు కొనాల్సింది ఇదేనని మా అభిప్రాయం. అయితే దీన్ని తప్పుగా వాడేవాళ్ళే ఎక్కువ. అందుకే వాడకం గురించే ఇక్కడ ఎక్కువ చెబుతున్నాం.

1957లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్‌లో షామ్, నూర్‌లాండర్ అనే ఇద్దరు ఈ పరీక్షను రూపొందించారు. పేరు అక్కడి నుంచే వచ్చింది. సూత్రం చాలా చిన్నది. పొదుగులోకి సూక్ష్మజీవి చేరితే దాన్ని ఎదుర్కోవడానికి రక్తంలోంచి తెల్లకణాలు పాలలోకి వస్తాయి. కిట్‌లోని ద్రావణం సబ్బు జాతి రసాయనం. అది ఆ కణాల పైపొరను చీలుస్తుంది, లోపలి డి.ఎన్.ఏ. బయటపడి జిగురులా అల్లుకుంటుంది. కణాలు ఎక్కువైతే జిగురూ ఎక్కువ. ద్రావణంలో బ్రోమోక్రెసాల్ పర్పుల్ అనే రంగు కూడా కలుపుతారు. ఊదా రంగు అదే. పాలలో క్షారగుణం పెరిగితే ఊదా ముదురుతుంది, పులుపు పెరిగితే పసుపుకు తిరుగుతుంది. చాలామంది పొరపడేది ఇక్కడే. జిగురును వదిలేసి రంగును చూస్తారు. ఈ పరీక్షలో తీర్పు చెప్పేది జిగురే. రంగుది పక్క సాక్ష్యం మాత్రమే.

పెట్టెలో పెద్ద సరంజామా ఏమీ ఉండదు. పిడి ఉన్న ప్లాస్టిక్ ప్లేటు, దాని మీద ఎ, బి, సి, డి అని గుర్తులున్న నాలుగు చిన్న గిన్నెలు, ఒక సీసా ద్రావణం. కొనేటప్పుడు ప్లేటును చేతిలోకి తీసుకుని చూడండి. గిన్నెల అడుగు చదునుగా, నున్నగా ఉండాలి. గీతలు పడిన అడుగులో పలచటి జిగురు కనిపించదు. లోపల పాలు ఎంతవరకు ఉంచాలో చూపే గీత చెరగకుండా ఉండాలి. కొన్ని చవకరకం ప్లేట్లలో ఆ గీతే ఉండదు, అవి వద్దు. పిడి పొట్టిగా ఉంటే ఆవు కాలు కదిపినప్పుడు ప్లేటు జారిపోతుంది. ప్లేటు తెల్లగా ఉంటేనే రంగు, జిగురు రెండూ బాగా తెలుస్తాయి. పాలలో గడ్డలు, పెచ్చులు చూడటానికి నల్ల అడుగున్న కప్పు వేరే ఉండాలి. అది ఈ కిట్‌లో రాదు, విడిగా కొనుక్కోవాలి.

ద్రావణం రెండు రకాలుగా దొరుకుతుంది. ఒకటి నేరుగా వాడేది. రెండోది చిక్కటిది, లేబుల్ మీదున్న పాళ్ళలో నీళ్ళు కలుపుకోవాలి. ఎక్కువ ఆవులుంటే చిక్కటిది లాభమే, కానీ బోరునీళ్ళు కలిపితే డబ్బు దండగ. నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం ఆ సబ్బు రసాయనాన్ని పట్టుకుని విరగ్గొడతాయి. దాంతో జిగురు పలచబడి, జబ్బున్న చన్ను కూడా బాగున్నట్టే కనిపిస్తుంది. ఇళ్ళలో సబ్బు నురగ రాని నీళ్ళుండే ఊళ్ళలో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. బ్యాటరీల షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ ఒక లీటరు తెచ్చుకుంటే సరిపోతుంది. చలికాలం తెల్లవారుజామున కొన్ని ద్రావణాలు తెల్లగా పేరుకుంటాయి. సీసాను గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచి, నురగ రాకుండా మెల్లగా తిప్పితే మళ్ళీ తేటపడుతుంది. పేరుకున్న ద్రావణాన్ని అలాగే పైపైన వంచి వాడితే ఫలితం నమ్మలేం.

ఇక వాడే పద్ధతి. పరీక్ష పాలు పితకడానికి ముందే చేయాలి. పితికాక చివర వచ్చే పాలలో కణాలు సహజంగానే ఎక్కువ, ఆ తర్వాత కొన్ని గంటల దాకా అలాగే ఉంటాయి. బాగున్న ఆవు కూడా అప్పుడు జబ్బుదానిలా కనిపిస్తుంది. దూడను వదిలి చేపించే అలవాటు ఉంటే, చేపగానే దూడను పక్కన కట్టేసి, చన్నులను శుభ్రమైన తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టండి. ఒక్కో చన్నుకు ఒక్కో గుడ్డ ముక్క వాడితే ఇంకా మంచిది. పొదుగు మీంచి కారే నీటిబొట్టు గిన్నెలో పడితే పాళ్ళు తప్పుతాయి.

మొదటి రెండు మూడు ధారలు నల్ల అడుగు కప్పులోకి పిండండి. నేల మీదకు వద్దు, అక్కడే సూక్ష్మజీవులకు కాపురం దొరుకుతుంది. కప్పులో పెచ్చులు, నీళ్ళలాంటి పాలు, రక్తపు చార కనిపిస్తే ఆ చన్నుకు సి.ఎం.టి. అక్కర్లేదు. జబ్బు పైకి తేలిపోయింది, డాక్టరును పిలవాలి. కప్పులో ఏమీ లేకపోతేనే ప్లేటు పని మొదలవుతుంది.

ప్లేటు పిడిని ప్రతిసారీ ఒకే దిక్కుకు పెట్టండి, ఆవు తోక వైపు అనుకుంటే ఎప్పుడూ తోక వైపే. అలా చేస్తే ఎ గిన్నె ఎప్పుడూ ఒకే చన్నుది అవుతుంది. ఒక్కో చన్ను నుంచి ఒక్కో గిన్నెలోకి రెండు ధారలు పిండి, ప్లేటును దాదాపు నిలువుగా వంచి, ఎక్కువైన పాలు గీత దాకా కారిపోనివ్వండి. గిన్నెలో సుమారు 2 మిల్లీలీటర్లు మిగులుతాయి. దానికి సమానంగా ద్రావణం పోయండి. సీసా మూత చిల్లుతో అందాజుగా చిమ్మకండి. సూది తీసేసిన 5 మి.లీ. సిరంజితో గిన్నెకు 2 మి.లీ. చొప్పున పోస్తే చెయ్యి తప్పదు. పాలు ఎక్కువై ద్రావణం తక్కువైతే జిగురు పుట్టదు. ఇంట్లో చేసే పరీక్షలు తప్పడానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే.

తర్వాత ప్లేటును నేలకు సమంగా పట్టుకుని, బియ్యంలో రాళ్ళు ఏరేటప్పుడు చేటను తిప్పినట్టు మెల్లగా గుండ్రంగా తిప్పండి. పది అంకెలు లెక్కపెట్టేంతసేపు చాలు. గట్టిగా కుదిపితే నురగ వచ్చి జిగురు దాని కింద దాగిపోతుంది. 20 సెకన్లలోపు చూసి తీర్పు చెప్పేయాలి. పలచటి జిగురు ఆ తర్వాత తనంతట తానే విడిపోతుంది. నాలుగు గిన్నెలు ముందే పెట్టుకుని తీరిగ్గా చూద్దామంటే కుదరదు.

చూడటంలోనే నేర్పు ఉంది. మిశ్రమం నీళ్ళలా పారుతూ అంతా ఒకేలా ఉంటే ఆ చన్ను బాగున్నట్టు. మిల్లీలీటరుకు కణాలు సుమారు 2 లక్షల లోపు. ప్లేటును ఇటూ అటూ వంచినప్పుడు అడుగున సన్నటి చారలా జిగురు కనిపించి, తిప్పుతుంటే మాయమైతే అది అనుమానపు గ్రేడు, దాన్ని టి అంటారు. కణాలు సుమారు 2 నుంచి 4 లక్షలు. మిశ్రమం చిక్కబడింది గానీ గడ్డ కట్టడం లేదంటే ఒకటో గ్రేడు, 4 నుంచి 12 లక్షల దాకా. తిప్పీ తిప్పగానే చిక్కబడి గిన్నె మధ్యకు చేరుతూ, ఆపగానే మళ్ళీ అడుగంతా పరుచుకుంటే రెండో గ్రేడు, 12 నుంచి 50 లక్షలు. కోడిగుడ్డు తెల్లసొనలా ముద్దకట్టి, తిప్పడం ఆపినా మధ్యలో బొడిపెలా నిలబడితే మూడో గ్రేడు, 50 లక్షల పైమాటే. ఈ అంకెలన్నీ సుమారు హద్దులే, ఒకదాని మీదకు ఒకటి వస్తుంటాయి. పోల్చుకోవడానికి చెప్పాలంటే, యూరప్ దేశాల్లో ట్యాంకు పాలకు 4 లక్షలు, అమెరికాలో 7.5 లక్షలు చట్టం పెట్టిన గరిష్ఠ హద్దు. మన పాలకేంద్రాల్లో ధర కట్టేది వెన్నను, ఎస్.ఎన్.ఎఫ్.ను చూసి. కణాల లెక్క అడిగేవాళ్ళు అరుదు కాబట్టే ఈ నష్టం మన లెక్కలోకి రావడం లేదు.

ఒక్క ఆవులో నాలుగు గిన్నెలనూ ఒకదానితో ఒకటి పోల్చడం ఈ ప్లేటుకున్న అసలు బలం. నాలుగూ ఒకేలా కాస్త చిక్కబడితే దానికి వేరే కారణాలు ఉండొచ్చు. ఈనిన మొదటి వారం పది రోజులు ముర్రుపాల వల్ల అలా వస్తుంది. వట్టిపోయే ముందు పాలు బాగా తగ్గినప్పుడు కూడా వస్తుంది. మూడు గిన్నెలు నీళ్ళలా పారుతూ ఒక్కటి మాత్రం ముద్దకడితే అది ఆ చన్ను జబ్బే, ఈనిన మూడో రోజైనా సరే. గేదెలకు ఈ పోలిక ఇంకా అవసరం. గేదెపాలు సహజంగానే చిక్కన కాబట్టి టి గ్రేడును ఒక్క గిన్నెలో చూసి పట్టుకోవడం కష్టం, పక్క గిన్నెతో పోల్చితేనే తెలుస్తుంది.

ఒక ఆవు అయ్యాక ప్లేటును మంచినీళ్ళతో కడిగి, బోర్లించి నీరు పూర్తిగా జారనివ్వండి. సబ్బుతో తోమొద్దు, బ్లీచింగ్ నీళ్ళు వద్దు. సబ్బు మిగిలితే పాళ్ళు మారతాయి, బ్లీచింగ్ రంగును పోగొడుతుంది. ద్రావణం కలిసిన పాలను దూడకు గానీ పిల్లికి గానీ పోయొద్దు. పరీక్ష పాలు తాజావై ఉండాలి. పొద్దున పితికి మధ్యాహ్నం దాకా ఎండలో పెట్టిన పాలతో చేసే పరీక్షకు అర్థం లేదు.

దీని లోపాలూ చెప్పాలి. మొదటిది, చూసేవాళ్ళ కన్నును బట్టి టి, ఒకటి గ్రేడులు మారతాయి. ఇంట్లో ఎప్పుడూ ఒకే మనిషి చూడటం మేలు. రెండోది, ఏ సూక్ష్మజీవి వల్ల జబ్బో ఇది చెప్పదు. స్టెఫైలోకాకస్ ఆరియస్ అయినా, స్ట్రెప్టోకాకస్ అగలాక్టియే అయినా జిగురు ఒక్కటే. కానీ వైద్యం ఒక్కటి కాదు. స్ట్రెప్టోకాకస్ మందుకు బాగా లొంగుతుంది. స్టెఫైలోకాకస్ పొదుగు కండలో గూళ్ళు కట్టుకుని పాలిచ్చే కాలంలో మందుకు సరిగా లొంగదు, వట్టిపోయేటప్పుడు చన్నులోకి ఎక్కించే మందుతోనే కాస్త ఆశ. అందుకే ప్లేటులో ముద్ద చూసి నేరుగా షాపుకు వెళ్ళి యాంటీబయాటిక్ ట్యూబు తెచ్చి చన్నులోకి ఎక్కించడం తప్పు. మూడోది, ద్రావణం అయిపోతే ప్లేటు ఒక్కటే దేనికీ పనికిరాదు. మారుమూల ఊళ్ళలో రెండో సీసా దొరకడం కష్టం, కాబట్టి ముందే రెండు తెచ్చుకోవాలి.

దీనికి బదులుగా దొరికేవాటిలో బ్రోమోథైమాల్ బ్లూ పట్టీలు చాలామందికి తెలుసు. కాగితం మీదున్న నాలుగు మచ్చల్లో ఒక్కో చన్ను పాలచుక్క వేస్తే, పసుపుగా ఉంటే బాగున్నట్టు, పచ్చకూ నీలానికీ తిరిగితే జబ్బు. మంచి పాల పి.హెచ్. (పులుపును, క్షారగుణాన్ని చెప్పే అంకె) 6.5 నుంచి 6.8 మధ్య ఉంటుంది, జబ్బు పాలది దాన్ని దాటుతుందన్న లెక్క మీద ఇది నడుస్తుంది. జేబులో పెట్టుకోవచ్చు, కొలతల బెడద లేదు. కానీ జబ్బు మొదట్లో పి.హెచ్. పెద్దగా మారదు, అందుకని సి.ఎం.టి.లో ఒకటో గ్రేడు వచ్చే చన్నులు చాలావరకు ఇందులో తప్పించుకుంటాయి. పైగా పాలు కాస్త పులిస్తే పి.హెచ్. పడిపోయి, జబ్బు పాలు కూడా పసుపు చూపిస్తాయి. కోస్తా తేమకు పట్టీల ప్యాకెట్టు తెరిచి ఉంచితే చెడిపోతాయి. సి.ఎం.టి. కొనగలిగినవాళ్ళకు ఇవి అవసరం లేదు.

విద్యుత్ వాహకతను కొలిచే మీటర్లు, పోలండ్‌కు చెందిన డ్రామిన్స్కీ వంటివి, ఉప్పు పెరిగిన సంగతి పట్టుకుంటాయి. డ్రామిన్స్కీలో ఉప్పు పెరిగేకొద్దీ అంకె తగ్గుతుంది; 300 పైన ఉంటే మంచి పాలు, 250 కిందికి పోతే జబ్బు ముదిరినట్టు. నాలుగు చన్నుల మధ్య 40 దాటిన తేడా వస్తే అనుమానించాలి. ద్రావణం ఖర్చు లేదు, అంకె కాబట్టి కన్ను మీద ఆధారపడదు. కానీ పాల వేడిని బట్టి, ఆవును బట్టి అంకె మారుతుంది. ఒంటరి అంకెను నమ్మితే మోసపోతాం. యాభై ఆవులు దాటిన షెడ్డుకు సరే, మూడు ఆవుల ఇంటికి ఆ ధర పెట్టనక్కర్లేదు. డెలావల్ సెల్ కౌంటర్ నిమిషంలోపు కణాల లెక్కే చెప్పేస్తుంది, 10 వేల నుంచి 40 లక్షల దాకా. ప్రతి పరీక్షకూ ఒక కొత్త క్యాసెట్ కావాలి. అది డెయిరీలకు, పెద్ద ఫారాలకు.

సీసా అయిపోయి కొత్తది రావడానికి వారం పడుతుందనుకోండి, బట్టల డిటర్జెంటు పొడి ఆదుకుంటుంది. పాకిస్తాన్‌లో పశువైద్యులు సర్ఫ్ పొడితో ఈ పద్ధతిని పరీక్షించి రైతులకు అలవాటు చేశారు. లీటరు నీటిలో 30 గ్రాముల పొడి కరిగించి, పాలకు సమానంగా కలిపి అలాగే తిప్పాలి. రంగు ఉండదు, జిగురు ఒక్కటే చూడాలి. రెండు, మూడు గ్రేడులు బాగానే దొరుకుతాయి. టి గ్రేడు కోసం దీన్ని నమ్మొద్దు.

ఫలితం వచ్చాక ఏం చేయాలన్నది కిట్ పెట్టె మీద రాసి ఉండదు. టి గ్రేడు ఒక్క చన్నులో వస్తే మందు అక్కర్లేదు. నాలుగైదు రోజులకు మళ్ళీ చూడండి, ఆ మధ్యలో పితికే పద్ధతి సరిచేయండి. బొటనవేలు లోపలికి మడిచి పితికితే చన్ను లోపలి పొర నలిగి సూక్ష్మజీవులకు దారి ఇస్తుంది, పిడికిలి నిండా పట్టి పితకాలి. పితికాక 0.5 శాతం పోవిడోన్ అయోడిన్ ద్రావణంలో చన్నులను ముంచి, వెంటనే పచ్చగడ్డి వేసి అరగంట ఆవును నిలబెట్టాలి. పాలదారి మూసుకోవడానికి అంత సమయం పడుతుంది. ముంచగా మిగిలిన ద్రావణాన్ని తిరిగి సీసాలో పోయొద్దు. జిగురు కనిపించిన ఆవును అందరికంటే చివర పితకాలి.

రెండు, మూడు గ్రేడులు వస్తే కల్చర్‌కు (సూక్ష్మజీవిని ల్యాబులో పెంచి గుర్తించే పరీక్షకు) పాలు పంపడం ఉత్తమం. చన్ను కొనలను 70 శాతం స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవండి. మీకు దూరంగా ఉన్న రెండు చన్నులను ముందు తుడిచి, దగ్గరివి తర్వాత తుడవాలి. పాలు తీసేటప్పుడు వరుస తిరగబడుతుంది, ముందు దగ్గరివి, తర్వాత దూరానివి. అప్పుడు చెయ్యి తుడిచిన చన్నుకు తగలదు. స్టెరైల్ గొట్టాన్ని ఏటవాలుగా పట్టి రెండు మూడు మి.లీ. తీసి, మూత లోపలివైపు ఎక్కడా తగలకుండా బిగించి, ఐసు డబ్బాలో పెట్టి 24 గంటల్లోపు ల్యాబుకు చేర్చాలి. తిరుపతి, రాజేంద్రనగర్ పశువైద్య విశ్వవిద్యాలయాల ల్యాబులు, జిల్లాల్లోని పశువ్యాధి నిర్ధారణ కేంద్రాలు ఇందుకు పనికొస్తాయి. యాంటీబయాటిక్ వేశాక తీసిన పాలు పంపితే సూక్ష్మజీవి ఉన్నా మొలకెత్తదు, కాబట్టి మందుకు ముందే తీయాలి. డాక్టరు కోసం ప్రభుత్వ పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయవచ్చు.

ఒక చన్నుకే ట్యూబు ఎక్కించినా, మందు వాడాక పాలు పోయకూడదని లేబుల్ మీద రాసిన రోజులు తీరేదాకా ఆ ఆవు నాలుగు చన్నుల పాలూ కేంద్రానికి పోయకూడదు. మందు రక్తంలోకి చేరి మిగతా మూడింటిలోనూ వస్తుంది. బాగున్న మూడు చన్నుల పాలు వేరుగా పోస్తే ఫరవాలేదు అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ పాలు తాగేది పసిపిల్లలు కూడా.

ఆవును కొనేటప్పుడు ఈ ప్లేటుకు పెట్టిన డబ్బు ఒక్కసారిలో తిరిగొస్తుంది. కర్ణాటకలోని చింతామణి వైపు నుంచి హెచ్.ఎఫ్. (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) ఆవులను తెచ్చేవాళ్ళు పొదుగు నిండుగా ఉండటాన్ని చూసి బేరం కుదుర్చుకుంటారు. రెండు పూటలు పితక్కుండా నిలిపితే ఏ పొదుగైనా నిండుగానే కనిపిస్తుంది. ఆ పొదుగులో ఒక చన్ను సగం చచ్చినా బయటికి తెలియదు. ముందు ధారలు తీసి, ప్లేటులో నాలుగు గిన్నెలు పోల్చి చూడండి. నాలుగూ సమంగా చిక్కబడితే పాలు నిలిపినందువల్ల కావచ్చు, మరో పూట పితికించి చూడమని అడగండి. ఒక్క గిన్నె ముద్దకడితే ఆ ఆవు మూడు చన్నులదే అన్న లెక్కతో ధర కట్టాలి.

ఖర్చు విషయానికి వస్తే, ఒక ఆవుకు గిన్నెకు 2 మి.లీ. చొప్పున 8 మి.లీ. ద్రావణం పడుతుంది. అర లీటరు సీసాతో అరవై ఆవులను చూడొచ్చు. నాలుగు ఆవులున్న ఇంట్లో పదిహేను రోజులకోసారి చూస్తే నెలకు 64 మి.లీ., సీసా ఏడు నెలలకు పైగా వస్తుంది. ప్లేటు ఒకటి కొంటే పగిలేదాకా పనికొస్తుంది. మొదటిసారి కొనేటప్పుడు ప్లేటు ఒకటి, నేరుగా వాడే ద్రావణం అర లీటరువి రెండు, 5 మి.లీ. సిరంజి, నల్ల అడుగు కప్పు తీసుకోండి. సీసా మీద గడువు తేదీ చూసి, తెరిచిన రోజును స్కెచ్‌పెన్‌తో రాయండి. పాలలెక్క రాసే పుస్తకంలోనే ఆవు పేరు, తేదీ, నాలుగు చన్నుల గ్రేడు ఒక వరుసలో రాసుకోండి. మూడు నెలల వరుసలు చూస్తే ఏ చన్ను నెమ్మదిగా దిగజారుతోందో దానంతట అదే కనిపిస్తుంది.